చెప్పాపెట్టకుండా వచ్చే మాట



ఈరోజు ఒక్క ఇంగ్లీషు మాట గురించి మాట్లాడుకుందాం. ఒక్కటే మాట. టర్న్ అప్.

విడివిడిగా చూస్తే ఇవి రెండూ మనకి తెలిసినవే. టర్న్ అంటే తిరగడం. అప్ అంటే పైకి. చోడవరంలో ఆటో ఎక్కినవాళ్ళం కూడా లెఫ్ట్ టర్న్, రైట్ టర్న్ అని అంటూనే ఉంటాం. కానీ రెండూ పక్కపక్కన చేరాక, తిరగడమూ పోతుంది, పైకి అన్నదీ పోతుంది. కొత్త అర్థం వస్తుంది. అనుకోకుండా రావడం. ఎదురుచూడని చోట కనబడడం. చెప్పాపెట్టకుండా గుమ్మంలో ప్రత్యక్షం కావడం.

నేను చోడవరంలో చాలా ఏళ్ళుగా పిల్లలకి ఇంగ్లీషు చెప్తున్నాను. ఈ మాట అర్థం చెప్తే పిల్లలు వెంటనే రాసుకుంటారు. పరీక్షలో రాస్తారు కూడా. ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, ఎప్పుడు వాడాలి, ఎప్పుడు వాడకూడదు అన్న దగ్గర. దానికి ఒక్క కిటుకు ఉంది. ఈరోజు ఈ ప్రసంగమంతా ఆ ఒక్క కిటుకు గురించే.

ఏమిటా కిటుకు? ఈ మాట వచ్చినవాళ్ళ గురించి చెప్పేది తక్కువ. ఎదురుచూసేవాళ్ళ గురించి చెప్పేది ఎక్కువ. మళ్ళీ చెప్తాను. టర్న్ అప్ అన్నప్పుడు, వచ్చిన మనిషి ఎలా వచ్చాడు అన్నది కాదు ముఖ్యం. ఇంట్లో ఉన్నవాళ్ళు అతను వస్తాడని అనుకున్నారా, లేదా? అది ముఖ్యం.

ఒక ఇల్లు ఊహించుకోండి. చోడవరంలోనే, కొత్తూరు వైపు అనుకుందాం. రాత్రి తొమ్మిదయింది. వంట అయిపోయింది. గిన్నెలు కూడా తోమేశారు. అప్పుడు తలుపు చప్పుడైంది. ఇల్లాలు తలుపు తీసింది. ఎదురుగా అనకాపల్లి అన్నయ్య.

"అన్నయ్యా! ఇదేటి, కబురైనా లేకుండా ఇలా ఊడిపడ్డావు?"

"మాడుగుల వచ్చేనమ్మా పని మీద. తిరిగి వెళ్తుంటే పొద్దుపోయింది. మీ ఊరే కదా అని దిగిపోయేను."

చేతిలో మాడుగుల హల్వా పొట్లం. ఇంట్లో ఆడపిల్ల కాలేజీలో చదువుతోంది. మర్నాడు స్నేహితురాలితో ఇంగ్లీషులో చెప్తుంది. మై అంకుల్ టర్న్డ్ అప్ ఎట్ అవర్ హౌస్ లాస్ట్ నైట్. ఆ అమ్మాయి సరిగ్గా మాట్లాడింది. మై అంకుల్ కేమ్ అన్నా తప్పు కాదు. మామయ్య వచ్చాడు, అంతే తెలుస్తుంది. టర్న్డ్ అప్ అన్నప్పుడు మాత్రం మరో సంగతి కూడా తెలుస్తుంది. ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరూ ఆయన్ని అనుకోలేదు. వాళ్ళమ్మ మళ్ళీ బియ్యం కడిగి ఎసట్లో పోసి ఉంటుంది.

ఇప్పుడు వాళ్ళమ్మ అన్న మాట చూడండి. ఊడిపడ్డావు అంది. ఊడడం అంటే ఏమిటి? మేకు ఊడుతుంది, పన్ను ఊడుతుంది. పడడం అంటే ఏమిటో తెలుసు. ఆ అన్నయ్య ఎక్కడనుంచీ ఊడలేదు, ఎక్కడా పడలేదు. శుభ్రంగా బస్సు దిగి నడిచి వచ్చాడు. అయినా ఊడిపడ్డావు అంటే మనకి వెంటనే అర్థమైపోతుంది. రెండు క్రియలు కలిసి, తమ సొంత అర్థాలు వదిలేసి, మూడో అర్థం ఇచ్చాయి. ఇంగ్లీషువాళ్ళు టర్న్ పక్కన అప్ పెట్టి చేసింది కూడా ఇదే పని. కాబట్టి ఇది మనకి కొరుకుడుపడని మాట అనుకోకండి. ఇలాంటి మాటలు అమ్మ ఒళ్ళోనే నేర్చుకున్నవాళ్ళం మనం.

అయితే వీటితో తిప్పలు పడేది మనమే కాదు. ఇంగ్లీషుకి గొప్ప నిఘంటువు రాసిన శామ్యూల్ జాన్సన్ 1755లోనే, దాని ముందుమాటలో, ఈ సంగతి చెప్పాడు. క్రియ పక్కన చిన్న ముక్క చేరి అర్థం మారిపోయే ఈ మాటలే పరాయి దేశస్థులకి అన్నిటికంటే కష్టమని. వీటికి ఫ్రేజల్ వెర్బ్ అన్న పేరు చాలా ఆలస్యంగా వచ్చింది. 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ అనే రచయిత తన పుస్తకంలో ఆ పేరు వాడాక స్థిరపడింది. పేరు గుర్తుపెట్టుకోకపోయినా ఫరవాలేదు. మాట వాడడం వస్తే చాలు.

మన ఉత్తరాంధ్ర వాళ్ళకి ఇంకా బాగా గుర్తుండే ఉదాహరణ ఒకటి చెప్తాను. కన్యాశుల్కం. గురజాడ అప్పారావుగారి నాటకం. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడారు. 1897లో అచ్చయింది. ఆ నాటకం మొదట్లో గిరీశం మధురవాణి ఇంట్లో ఉంటాడు. పూటకూళ్ళమ్మ చీపురు పట్టుకొని అక్కడికి వచ్చేస్తుంది. గిరీశం మంచం కిందకి దూరతాడు. ఆమె వస్తుందని అతను అనుకోలేదు. అదీ టర్న్ అప్. ఆ తర్వాత అదే గిరీశం ఊళ్ళో ఉండలేక, శిష్యుడు వెంకటేశం వెంటపడి, కృష్ణరాయపురం అగ్రహారం చేరతాడు. వెంకటేశం తండ్రి అగ్నిహోత్రావధాన్లు అతన్ని పిలిచాడా? పిలవలేదు. వస్తాడని తెలుసా? తెలీదు. కొడుకు సెలవులకి వస్తాడు అనుకుంటే, పక్కన గిరీశం కూడా దిగాడు. గిరీశం టర్న్డ్ అప్ ఎట్ ది అగ్రహారం. మొదటిసారి అతని మీదకి ఎవరో టర్న్ అప్ అయ్యారు. రెండోసారి అతనే మరొకరి ఇంటికి టర్న్ అప్ అయ్యాడు. నాటకం ఒక్కటే, రెండు పక్కలా ఆ మాట అతికింది. ఇంట్లో కన్యాశుల్కం ఉంటే ఈ కళ్ళతో ఒకసారి చదవండి. తలుపు దగ్గర ఎవరు కనిపించినా, లోపలున్నవాళ్ళు వాళ్ళని అనుకున్నారా, లేదా అని చూడండి. ఇంగ్లీషు వ్యాకరణం పుస్తకం కంటే అది బాగా నేర్పుతుంది.

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. ఇక్కడే చాలామంది తికమక పడతారు. టర్న్ అప్ అంటే అనుకోకుండా రావడం అని చెప్పాను. మరి డిడ్ నాట్ టర్న్ అప్ అంటే? అనుకోకుండా రాకపోవడమా? కాదు. వస్తాడని అనుకున్న మనిషి రాకపోవడం.

అచ్యుతాపురం కంపెనీలకి మన వైపు నుంచి ఎంతోమంది పిల్లలు పనికి వెళ్తున్నారు. తెల్లవారకుండానే బస్సు ఎక్కుతారు. అక్కడ సూపర్‌వైజర్ వాట్సాప్ గ్రూపులో ఒక ముక్క పెడతాడు. రాము డిడ్ నాట్ టర్న్ అప్ ఫర్ ది నైట్ షిఫ్ట్. అంటే ఏమిటి? రాత్రి షిఫ్టుకి రాము రావాలి. అతని పేరు జాబితాలో ఉంది. అతని మిషను అతని కోసం ఆగి ఉంది. రాము రాలేదు. కబురూ లేదు. మన భాషలో చెప్పాలంటే, రాము పత్తా లేడు. రాము డిడ్ నాట్ కమ్ అంటే, రాలేదు, అంతవరకే. డిడ్ నాట్ టర్న్ అప్ అనేసరికి, ఎదురుచూసినవాడి విసుగు కూడా అందులోకి వచ్చింది. మెసేజి చదివిన రాము దాన్ని అర్థం చేసుకోవాలి. సూపర్‌వైజర్‌కి కోపం వచ్చిందని ఆ మాటే చెప్తోంది.

బస్సు సంగతి కూడా అంతే. చోడవరానికి రైలు లేదు. దగ్గర స్టేషను అనకాపల్లి. రైలు అందాలంటే బస్సు రావాలి. ది బస్ డిడ్ నాట్ టర్న్ అప్. ఈ వాక్యం పలికేవాడు ఎక్కడ నిలబడి ఉన్నాడో చెప్పగలరా? సంచి కాళ్ళ దగ్గర పెట్టుకొని, రోడ్డు మీద. గడియారం వంక చూసుకుంటూ. ఇంట్లో కూర్చుని పేపరు చదివేవాడు ఆ మాట అనడు. అతను ఆ బస్సు కోసం కాచుకోలేదు కాబట్టి.

చూశారా. అనుకోనప్పుడు వస్తే టర్న్డ్ అప్. అనుకున్నప్పుడు రాకపోతే డిడ్ నాట్ టర్న్ అప్. పైకి ఒకదానికొకటి ఎదురుగా కనిపిస్తున్నాయి. లోపల కొలత మాత్రం ఒకటే. ఎదురుచూసేవాళ్ళ మనసు.

మనుషుల సంగతి అయింది. వస్తువుల దగ్గరికి వద్దాం. పోయిన వస్తువు దొరికితే ఇంగ్లీషులో ఇదే మాట అంటారు.

చెరుకు నరికేశాక, కార్శి తోట కాలం కూడా అయిపోయాక, మళ్ళీ పొలం దున్నుతాం. నాగలి గానీ ట్రాక్టరు గానీ వెళ్తుంటే అడుగు మట్టి పైకి తిరగబడుతుంది. ఆ మట్టితోపాటు ఎప్పుడో పోయిన కొడవలి కూడా పైకొస్తుంది. అది అక్కడే ఉంది. మనకి కనబడలేదు, అంతే. మట్టి తిరిగింది, కొడవలి పైకొచ్చింది. టర్న్, అప్. ఈ రెండు ముక్కలకీ ఈ అర్థానికీ ఉన్న చుట్టరికం తెలియాలంటే ఈ చాలు ఒక్కటి గుర్తుపెట్టుకోండి. యాన్ ఓల్డ్ సికిల్ టర్న్డ్ అప్ ఇన్ ది ఫీల్డ్. పాత కొడవలి పొలంలో బయటపడింది.

ఇంట్లో తాళంచెవులు కనబడకపోతే మన పెద్దవాళ్ళు కార్తవీర్యార్జునుణ్ణి తలుచుకోమంటారు. పోయిన వస్తువు తిరిగొస్తుందని నమ్మకం. ఇంగ్లీషు ఇళ్ళల్లో వెతికి వెతికి అలిసిన మనిషికి పక్కవాళ్ళు చెప్పే ఓదార్పు ఒకటుంది. డోంట్ వరీ, ఇట్ విల్ టర్న్ అప్. కంగారుపడకు, అదే కనబడుతుందిలే. ఈ వాక్యాన్ని మొత్తంగా కంఠస్థం చెయ్యండి. రోజూ పనికొస్తుంది.

తవ్వకాల్లో దొరికినవాటికి కూడా ఇదే మాట. అనకాపల్లి పక్కన శంకరం ఉంది కదా. బొజ్జన్నకొండ, లింగాలకొండ. కనుమనాడు అక్కడ జరిగే తీర్థానికి మీలో చాలామంది వెళ్ళే ఉంటారు. 1907 ప్రాంతంలో అలెగ్జాండర్ రే అనే పురావస్తు అధికారి అక్కడ తవ్వించాడు. బౌద్ధుల స్తూపాలు, విహారాలు బయటపడ్డాయి. వాటితో పాటు నాణేలు దొరికాయి. అందులో ఒకటి సముద్రగుప్తుడి బంగారు నాణెం. ఎక్కడి పాటలీపుత్రం, ఎక్కడి శంకరం! ఆ నాణెం ఇక్కడ దొరుకుతుందని ఎవరు అనుకుంటారు? ఎ గోల్డ్ కాయిన్ ఆఫ్ సముద్రగుప్త టర్న్డ్ అప్ ఎట్ శంకరం. మన జిల్లా గురించి ఇంగ్లీషులో ఒక మంచి వాక్యం కావాలంటే ఇది రాసుకోండి.

పిట్టలు కూడా ఇలా వస్తాయి. కలివికోడి అని కడప జిల్లా ముళ్ళపొదల్లో ఉండే పిట్ట. ఇంగ్లీషులో జెర్డన్స్ కోర్సర్ అంటారు. 1900 తర్వాత దాన్ని చూసినవాళ్ళు లేరు. శాస్త్రవేత్తలు అది అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో మళ్ళీ కనబడింది. ఆ ప్రాంతంలో అడవి తెలిసిన స్థానికుడి సాయంతోనే దొరికింది. ఎనభై ఏళ్ళకి పైగా లేదనుకున్న ప్రాణి. ది బర్డ్ టర్న్డ్ అప్ ఎగైన్ ఇన్ కడప. అయితే ఒక్క మాట. ఆ పిట్ట ఎక్కడికీ పోలేదు. ఆ పొదల్లోనే బతుకుతోంది. లేదనుకున్నది మనం. అందుకే అన్నాను, ఈ మాట కొలిచేది ఎదురుచూసేవాళ్ళ మనసుని అని.

ఇక ఈ మాట నాకు చాలా బరువుగా వినబడే సందర్భం ఒకటి ఉంది. అది మన పల్లెల చరిత్రే. మీ తాతల దగ్గర రంగం అన్న మాట వినే ఉంటారు. రంగూన్‌ని మనవాళ్ళు రంగం అన్నారు. బర్మా దేశం. మన విశాఖ, గంజాం, గోదావరి జిల్లాల నుంచి ఓడలెక్కి వేలమంది అక్కడికి కూలికి వెళ్ళారు. బియ్యం మిల్లుల్లో, రేవుల్లో మూటలు మోశారు. అక్కడనుంచి డబ్బు పంపారు. ఇక్కడ ఇల్లు నడిచింది.

1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. 1942 మార్చిలో నగరం జపాన్ చేతికి పోయింది. ఓడలు అందినవాళ్ళు అందుకున్నారు. అందనివాళ్ళు కాలినడకన బయల్దేరారు. అరకాన్ కొండల మీదుగా కొందరు, మణిపూర్, అస్సాం దారిలో కొందరు. దారిలో జబ్బులు, ఆకలి. లక్షలమంది భారతీయులు అలా కదిలారు. ఎంతోమంది దారిలోనే పోయారు. ఇక్కడ ఇళ్ళల్లో ఉత్తరం లేదు, కబురు లేదు. ఆ ఏప్రిల్ 6న విశాఖపట్నం మీదే బాంబులు పడ్డాయి. ఇక రంగంలో ఉన్నవాళ్ళ మీద ఆశ ఎవరికుంటుంది?

అలాంటప్పుడు ఒకరోజు ఒక మనిషి ఊరి పొలిమేరలో కనిపిస్తే ఎలా ఉంటుంది? గడ్డం పెరిగి, చిక్కిపోయి, కాళ్ళకి చెప్పులు లేకుండా. పిల్లలు గుర్తుపట్టలేరు. తల్లి గుర్తుపడుతుంది. ఇంగ్లీషులో దీన్ని ఎలా చెప్తారు? హి టర్న్డ్ అప్ ఎట్ హిజ్ మదర్స్ డోర్. అంతే. పెద్ద మాటలు అక్కర్లేదు. హి రిటర్న్డ్ అంటే ప్రయాణం పూర్తయిందని తెలుస్తుంది. హి టర్న్డ్ అప్ అంటే ఆ తల్లి అప్పటికే ఏడ్చి ఊరుకుందని తెలుస్తుంది. మీ ఇంట్లో రంగం వెళ్ళొచ్చిన ముత్తాత కథ ఉంటే, పిల్లల చేత ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాయించండి. ఈ మాట ఎక్కడ పెట్టాలో వాళ్ళకే తెలిసిపోతుంది.

మనుషులయ్యారు, వస్తువులయ్యాయి. అవకాశాలకి కూడా ఈ మాట వాడతారు. సమ్‌థింగ్ విల్ టర్న్ అప్. ఏదో ఒకటి తగులుతుందిలే. చార్లెస్ డికెన్స్ 1849, 1850 సంవత్సరాల్లో డేవిడ్ కాపర్‌ఫీల్డ్ అనే నవల వెలువరించాడు. అందులో మికాబర్ అనే పెద్దమనిషి ఉంటాడు. ఒళ్ళంతా అప్పులు. అప్పు తీర్చలేక జైలుకి కూడా వెళ్తాడు. అయినా, ఏదో ఒకటి టర్న్ అప్ అవుతుందన్న ఆశతోనే బతుకుతాడు. డికెన్స్ తండ్రి కూడా 1824లో అప్పులకే జైలుపాలయ్యాడు. చిన్నపిల్లాడిగా ఆ బాధ చూసినవాడు కాబట్టి, డికెన్స్ మికాబర్‌ని అసహ్యించుకోకుండా రాశాడు. ఇంగ్లీషు చదివేవాళ్ళకి ఈ మాటా ఆ మనిషీ విడదీయలేనంతగా కలిసిపోయారు.

ఇక్కడ మన పిల్లలకి గట్టిగా ఒక సంగతి చెప్పాలి. ఎ జాబ్ టర్న్డ్ అప్ అంటే, ఉద్యోగం ఎదురొచ్చి తగిలింది అని అర్థం. దారిలో పోతుంటే దొరికినట్టు. డీఎస్సీకి ఏళ్ళ తరబడి చదివి, లైబ్రరీలో కూర్చుని, టీచరు పోస్టు తెచ్చుకున్న అమ్మాయి ఆ వాక్యం అనకూడదు. ఐ గాట్ ది జాబ్ అనాలి. ఐ వజ్ సెలెక్టెడ్ అనాలి. నీ కష్టంతో వచ్చినదాన్ని టర్న్డ్ అప్ అని చెప్తే, నీ కష్టాన్ని నువ్వే తీసిపారేసినట్టవుతుంది. ఇంటర్వ్యూలో ఎదుటివాళ్ళు ఆ తేడా వింటారు. ఇదే నేను పిల్లలకి ఎక్కువగా చెప్పే మాట. అదృష్టం కలిసొచ్చిన చోట టర్న్ అప్. చెమట కార్చిన చోట వేరే మాట.

కాస్త వ్యాకరణం కూడా చూద్దాం. తొందరగానే ముగిస్తాను.

ఇప్పుడు మీ రేడియో సరిగ్గా వినబడకపోతే పక్కవాళ్ళతో ఏమంటారు? సౌండు పెంచు అంటారు. ఇంగ్లీషులో, టర్న్ అప్ ది రేడియో. ఇదేమిటి, ఇక్కడ కూడా టర్న్ అప్పే! అవును. దీనికీ దానికీ తేడా పట్టుకోవడం తేలిక. దేన్ని, అని అడిగి చూడండి. టర్న్ అప్ ది రేడియో. దేన్ని? రేడియోని. జవాబు వచ్చింది. అంటే పెంచడం. మై అంకుల్ టర్న్డ్ అప్. దేన్ని? జవాబు లేదు. అంటే రావడం. దేన్ని అన్న ప్రశ్నకి జవాబు ఉంటే పెంచడం, లేకపోతే రావడం. చాలావరకు ఇది సరిపోతుంది. రేడియో అయితే మధ్యలో కూడా పెట్టొచ్చు, టర్న్ ది రేడియో అప్ అని. మామయ్యని మాత్రం మధ్యలో పెట్టకూడదు. టర్న్డ్ మై అంకుల్ అప్ అనే వాక్యం లేదు. మై అంకుల్ వజ్ టర్న్డ్ అప్ అనేది కూడా లేదు.

తర్వాత, మన కి ప్రత్యయం. ఇంటికి వచ్చాడు, డ్యూటీకి వచ్చాడు. రెండింటికీ మనకి ఒకటే కి. అలవాటుకొద్దీ ఇంగ్లీషులో రెండింటికీ టు పెట్టేస్తాం. చోటు చెప్పేటప్పుడు ఎట్ పెట్టండి. టర్న్డ్ అప్ ఎట్ అవర్ హౌస్. పని చెప్పేటప్పుడు ఫర్ పెట్టండి. టర్న్డ్ అప్ ఫర్ డ్యూటీ. ఇంటికి ఎట్, పనికి ఫర్.

పలికేటప్పుడు రెండు ముక్కలూ కలిపేయండి. టర్నప్. ఒత్తు అప్ మీద పడాలి. టర్న్ దగ్గర ఒత్తి, అప్‌ని మింగేస్తే, ఇంగ్లీషు చెవికి టర్నిప్ అనే దుంప పేరులా వినబడుతుంది. గడిచిపోయినదాన్ని చెప్పేటప్పుడు టర్న్‌డప్.

దీనికి చుట్టాలు కొన్ని ఉన్నాయి. టర్న్ అవుట్ అంటే వేరు. చివరికి తేలడం. కొత్త డాక్టరు మా ఊరివాడే అని తేలింది అన్నప్పుడు టర్న్డ్ అవుట్. మనిషి వస్తే అప్, సంగతి తేలితే అవుట్. క్రాప్ అప్ అని ఇంకొకటి ఉంది. క్రాప్ అనగానే రైతుబిడ్డలం, పంట అనుకుంటాం. ఇక్కడ పంట అని అర్థం కాదు. భూమిలోని రాతిపొర పైకి తేలి కనబడడం నుంచి వచ్చిన మాట అది. గనుల వాళ్ళ మాట. సమస్యలకి ఎక్కువగా వాడతారు. ఎ ప్రాబ్లమ్ క్రాప్డ్ అప్. ఏదో చిక్కు వచ్చిపడింది. మనుషులకి క్రాప్ అప్ అంతగా నప్పదు. మనుషులకి టర్న్ అప్ అనే అనండి.

చివరిగా మర్యాద సంగతి. ఇది పొరపాటు జరిగితే ఎదుటివాళ్ళ మనసు నొచ్చుకునే చోటు. అందుకని కాస్త ఆగి చెప్తాను.

చోడవరం అంటే అందరికీ గుర్తొచ్చేది స్వయంభూ విఘ్నేశ్వరుడు. ఎవరూ చెక్కి నిలబెట్టకుండా తనంతట తానుగా నేలలోంచి వెలిశాడని మన నమ్మకం. వెలిశాడు అంటాం. ఎంత అందమైన మాట! ఎక్కడినుంచో వచ్చిన విద్యార్థికి మన గుడి గురించి ఇంగ్లీషులో చెప్పాల్సి వచ్చిందనుకోండి. అనుకోకుండా కనిపించడమే కదా అని, గాడ్ టర్న్డ్ అప్ హియర్ అంటే? భక్తి పోతుంది. గుమ్మంలో నిలబడ్డ చుట్టంలా వినబడుతుంది. అక్కడ అపియర్డ్ అనాలి. మానిఫెస్టెడ్ అంటే ఇంకా నిండుగా ఉంటుంది. టర్న్ అప్ ఇంట్లో మాట, వీధిలో మాట, స్నేహితుల మధ్య మాట. గుళ్ళోకి, సభలోకి, ఆఫీసు కాగితంలోకి తీసుకెళ్ళేటప్పుడు ఆలోచించాలి.

స్కూలు వార్షికోత్సవం నివేదిక రాస్తున్నారు. ది కలెక్టర్ టర్న్డ్ అప్ ఎట్ ఫైవ్ ఓ క్లాక్. ఈ వాక్యంలో వ్యాకరణం తప్పు ఒక్కటి లేదు. కానీ చదివినవాళ్ళకి ఏమనిపిస్తుంది? కలెక్టరుగారు వస్తారో రారో అని వీళ్ళు అనుమానపడ్డారు అనిపిస్తుంది. లేదా పిలవకుండానే వచ్చారు అనిపిస్తుంది. రెండూ అమర్యాదే. పిలిచి, వస్తామన్నాక, చెప్పిన వేళకి వచ్చిన పెద్దలకి ఎరైవ్డ్ అనండి. సభకి హాజరైతే అటెండెడ్ అనండి. ఉద్యోగం దరఖాస్తులో మీ గురించి రాసుకునేటప్పుడు కూడా అంతే. ఐ విల్ టర్న్ అప్ ఫర్ ది ఇంటర్వ్యూ అని రాయకండి. వస్తే వస్తాను అన్నట్టు ఉంటుంది. ఐ విల్ అటెండ్ ది ఇంటర్వ్యూ.

అదే కాగితం మీద ఫిర్యాదు రాస్తుంటే మాత్రం ఈ మాటని నిస్సంకోచంగా వాడండి. మా పాప స్కూలు వ్యాను ఈ వారం రెండు రోజులు రాలేదు. ది వ్యాన్ డిడ్ నాట్ టర్న్ అప్ ఆన్ టూ డేస్ దిస్ వీక్. మీరు వేళకి రోడ్డు మీదకి వచ్చారని, పిల్లని పక్కన నిలబెట్టుకొని ఎదురుచూశారని ఆ ఒక్క మాట చెప్తుంది. దాని కింద సంతకం పెట్టి, తేదీ వేసి పంపించండి.